బొటనవేలు మాట వినదు

రెండేళ్లు గిటార్ మీద పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ల) స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి మీటడం, చేసుకుంటూ హాయిగా ఉన్నా. మూడు నెలల కిందట వేళ్లతో వాయించడం మొదలెట్టాక తెలిసింది, నా కుడిచేతికి ఏమీ రాదని.

నేర్చుకుంటున్నది ట్రావిస్ పికింగ్. మెర్ల్ ట్రావిస్ అనే అమెరికా గిటారిస్టు పేరు మీద వచ్చింది. ఎడమచేత్తో సి కార్డ్ (కొన్ని స్వరాలు కలిసి పలికే పట్టు) పట్టుకుంటే బొటనవేలు ఐదో తీగ, నాలుగో తీగ, మళ్లీ ఐదు, నాలుగు అంటూ ఆగకుండా తిరగాలి. ఆ మధ్య సందుల్లో చూపుడువేలు మూడో తీగను, నడిమివేలు రెండో తీగను మీటాలి. చూపుడువేలు కదిలిందంటే చాలు, నా బొటనవేలు కూడా దాని వెంటే పోయేది. (ట్రావిస్ మాత్రం ఎక్కువగా బొటనవేలు, చూపుడువేలుతోనే లాగించేవాడట. మనకు నాలుగున్నా చాలడం లేదు.)

దారి చూపింది మా ఊరి చెక్కభజన. పాట ఎటు పోయినా చెక్కల దెబ్బ తప్పదు కదా! వారం రోజులు ఒట్టి బొటనవేలే, మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద. విసుగొచ్చింది కానీ పట్టు దొరికింది. ఇంకో తప్పు, బొటనవేలిని అరచేతిలోకి ముడవడం. దాన్ని మిగతా వేళ్లకంటే కాస్త ముందుకు, గిటార్ మెడ వైపు చాపితే గుద్దుకోవడం తగ్గింది.

ఇప్పుడు గోళ్ల పంచాయితీ. తీగలు మీటడానికని కుడిచేతికి పెంచుతున్నా. రాగిసంగటి తింటే వాటిలో ఇరుక్కుంటుంది.

"ఆ గోర్లు తీస్తావా, సంగటి మాన్పించమంటావా?" అంటోంది అమ్మ.

అనంతపురంలో ఉంటూ సంగటి మానడమా! ప్రస్తుతానికి స్పూన్‌తో తింటున్నా.