కార్డులో 120/80, ఒంట్లో 170/112

కడుపుతో ఉన్నప్పుడు చెకప్పులు రాసిన ఆ కార్డు ఇప్పటికీ మా బీరువాలో ఉంది. నాలుగు చెకప్పులు, నాలుగుసార్లూ బీపీ 120/80, ఒకే చేతిరాత, ఒకే పెన్ను. అందులో రెండుసార్లు నా చేతికి పట్టీ చుట్టిన గుర్తే లేదు. ఎక్కడ చూపించుకున్నానో పేరు చెప్పను, చెప్పి ఇప్పుడు చేసేదేముంది.

2019, తొలి కాన్పు, చీపురుపల్లి దగ్గర మా ఊళ్లోనే ఉన్నాను. ఎనిమిదో నెలలో కాళ్లు పొంగి మెట్టెలు వేళ్లలోకి దిగిపోయాయి. సబ్బు రాసి తీసేద్దామంటే మా అత్త ఒప్పుకోలేదు. "నీరు దిగడం మామూలే పిల్లా" అంది. ఆవిడ తప్పేం లేదు, కాళ్లవాపు చాలామందికి వస్తుంది, అదొక్కటే చూసి ఎవరూ ఏమీ తేల్చలేరు. కానీ నాకు తలనొప్పి కూడా పట్టుకుంది, మాత్ర వేసుకున్నా వదల్లేదు, మూడో రోజుకి కళ్ల ముందు మెరుపులు మెరవడం మొదలైంది.

అదృష్టం కొద్దీ ఆ రోజే ఏఎన్ఎం అక్క మా వీధిలోకి వచ్చింది. "ఏటమ్మా, మొహం ఇలా ఉబ్బిపోయింది?" అంటూనే పట్టీ చుట్టింది. 170/112. ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసింది, పెద్ద తేడా లేదు. 140/90 దాటితేనే గమనించుకోవాలట, 160/110 దాటితే ఇక ఇంట్లో ఉండకూడదట. మూత్రంలో ముంచి రంగు చూసే స్ట్రిప్పులు ఆమె దగ్గర అయిపోయాయి. అయితేనేం, గాజు గొట్టంలో మూత్రం పోసి, పైభాగాన్ని స్పిరిట్ దీపం మీద కాచింది. పైన తెల్లగా విరిగింది. ఎసిటిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసింది. అప్పుడు తేటపడిపోతే భయం లేదట, నాది మాత్రం గుడ్డు తెల్లసొన ఉడికినట్టు అలాగే ఉండిపోయింది. ప్రొటీన్ పోతోందన్నమాట. పాతవాళ్లు గుర్రపు వాతం అనే ఫిట్స్‌కి ముందుమెట్టు ఇదే, డాక్టర్లు ప్రీఎక్లాంప్సియా అంటారు.

108 వచ్చింది, పీహెచ్‌సీలో ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చాకే విజయనగరం పంపారు. ఆ ఇంజెక్షన్ గురించి ఎవరైనా ముందే చెప్పుంటే బాగుండేది! నరంలో ఎక్కుతుంటే ఒళ్లంతా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు వేడి, తర్వాత రెండు పిరుదులకీ ఒక్కోటి, రెండు రోజులు పక్కకి తిరగలేకపోయాను. ఆసుపత్రిలో నర్సమ్మ మాటిమాటికీ వచ్చి చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టేది. కాలు ఎగరకపోతే మందు ఎక్కువైనట్టట. ఊపిరి లెక్కపెట్టేది, మూత్రం ఎంత వచ్చిందో కొలిచేది. దీనికి స్కానింగులూ పెద్ద యంత్రాలూ ఏమీ అక్కర్లేదు, ఓపికగా చూసే మనిషి ఉంటే చాలు.

33 వారాలకే పాప పుట్టింది, కేజీ 700 గ్రాములు. గుండెల మీద పెట్టుకుని చీర చుట్టుకుని పడుకునేదాన్ని. పుట్టాక అంతా అయిపోయింది అనుకున్నాను కానీ, కాన్పు తర్వాత కూడా ఫిట్స్ రావచ్చని బీపీ మాత్రలు ఇంటికి ఇచ్చి పంపారు. రెండు నెలలకి గానీ మామూలు కాలేదు.

తర్వాత చదివాను, లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లూ మైక్రోలైఫ్ కంపెనీ కలిసి క్రేడిల్ అనే బీపీ మెషిన్ చేశారట. ఫోన్ ఛార్జరుతో ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. బీపీనీ నాడినీ కలిపి చూసి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు లైటు చూపిస్తుంది కాబట్టి రక్తస్రావంతో షాక్‌లోకి వెళ్తున్నా పట్టేస్తుంది. మంచిదే. ఎర్రలైటు వెలిగినా కార్డులో ఆకుపచ్చ అని రాసేవాళ్లు ఉండరా అంటే, ఉంటారు.

రెండో కాన్పుకి డాక్టరమ్మ ఈ జబ్బు మళ్లీ రాకుండా ఉండేందుకు మూడో నెల నిండగానే రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకోమంది, అంతా సవ్యంగా జరిగింది. ఆస్పిరిన్ మాత్రం ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి, అడిగి వేసుకోండి.

అప్పుడు కొన్న బీపీ మెషిన్ ఇప్పుడు వీధంతా తిరుగుతోంది. మణికట్టుది కాదు, జబ్బకి చుట్టేదే కొన్నాను. ఎవరొచ్చినా ముందు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెడతాను, పట్టీ బిగిశాక మాట్లాడనివ్వను, వచ్చిన అంకె వచ్చినట్టే రాస్తాను. మొన్న మా తోటికోడలు ఐదో నెలతో వచ్చి కూర్చుంటే మెషిన్ వెలగలేదు. ఏమైందా అని చూస్తే, మా ఆయన దాంట్లో బ్యాటరీ తీసి గోడ గడియారంలో వేశారు. గడియారం ఆపి ఆ బ్యాటరీతోనే చూశాను, 116/74.