జైలు నుంచి బయటికొచ్చినవాళ్ల మీద పీహెచ్‌డీ: నా అనుభవం

క్రిమినాలజీ (నేరాల అధ్యయనం) వైపు పరిశోధన చేయాలంటే పీజీ కూడా అందులోనే ఉండాలని చాలామంది అనుకుంటారు. ఆ డిపార్ట్‌మెంట్లు మద్రాసు యూనివర్సిటీలో, తిరునెల్వేలి మనోన్మణియం సుందరనార్‌లో ఉన్నాయి, నిజమే. నాది మాత్రం ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ), కాకుటూరులోని విక్రమ సింహపురి యూనివర్సిటీలో. లెక్చరర్ అర్హతకూ పరిశోధన ఫెలోషిప్‌కూ పెట్టే నెట్ పరీక్ష రాసింది కూడా సోషల్ వర్క్‌లోనే. నేరస్తుల సంస్కరణ, ప్రొబేషన్ (జైలుకు పంపకుండా పర్యవేక్షణలో వదలడం) లాంటివి ఆ సిలబస్‌లోనే వస్తాయి. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వచ్చాక చెన్నైలో సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్‌లో చేరి, నేరస్తుల పునరావాసం మీద పని చేస్తున్నాను.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తా. జేఆర్‌ఎఫ్ నెలకు 37,000. రెండేళ్లయ్యాక మన పని చూసి ఎస్‌ఆర్‌ఎఫ్‌కు (సీనియర్ ఫెలోషిప్) మారిస్తే 42,000. హాస్టల్ లేకపోతే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. ఈ అంకె విన్నాక ఇంట్లో గొడవ సగం తగ్గింది. మిగతా సగం మా పెద్దమ్మది: “ఏందిమే, రేపు పెళ్లిచూపులకొచ్చినోళ్లు ఏం చదువుతుండావు అంటే జైలోళ్ల గురించి అని చెప్తావా?” ఆమెకు ఇప్పటికీ సరైన సమాధానం చెప్పలేదు.

అయితే చేరిన నెల నుంచే డబ్బు పడుతుందని ఆశపడొద్దు. ప్రతి నెలా మన హాజరును ఆఫీసులో ఒకరు పోర్టల్‌లో ఎక్కించాలి, ఇంకొకరు ఓకే చేయాలి. మేకర్, చెకర్ అంటారు వాళ్లని. ఇద్దరిలో ఒకరు సెలవు పెడితే మన అద్దె ఆగుతుంది. కొంత చేతిలో ఉంచుకుని చేరండి.

పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూకి, మళ్లీ నేరం చేసే ప్రమాదాన్ని, అవసరాల్ని బట్టి నేరస్తులకు సాయం చేయాలనే కెనడా వాళ్ల రిస్క్-నీడ్-రెస్పాన్సివిటీ మోడల్ బాగా చదువుకుని వెళ్లాను. దాన్ని తయారుచేసిన ఆండ్రూస్, బోంటా పేర్లు నోట్లోనే ఉన్నాయి. ఒక మేడమ్ మాత్రం, “మీది నెల్లూరు కదా, కావలి సెటిల్‌మెంట్ గురించి చెప్పండి” అన్నారు. కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్తులుగా లెక్కగట్టిన 1871 నాటి నేర జాతుల చట్టం 1911 తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీలోకి రావడం, ఎరుకల కుటుంబాలను బాగుచేస్తామని కావలిలో బాప్టిస్టు మిషన్ చేతికి అప్పగించడం, 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దు కావడం చెప్పాను. చట్టం పోయినా, అలాంటి సెటిల్‌మెంట్ ఊరైన కప్పరాళ్లతిప్ప అని అడ్రస్ చెప్తే మొహం మారిపోయేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారని కూడా అన్నాను. మోడల్ గురించి ఒక్క ప్రశ్నా రాలేదు.

టాపిక్ ఎంచుకునేటప్పుడు నేను చూసుకున్నది ఒకటే: అనుమతి. చెముడుగుంట సెంట్రల్ జైలు లోపల ఇంటర్వ్యూలు చేయాలంటే జైళ్ల శాఖ ఒప్పుకోవాలి, అది ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. అందుకని విడుదలయ్యాక గడిచే మొదటి ఏడాదిని తీసుకున్నా. పని దొరికిందా, ఇంట్లో రానిచ్చారా, ఊళ్లో ఎలా చూస్తున్నారు, ఇంతే.

బయటివాళ్లే కదా, సులువనిపిస్తుంది. పరిశోధనలో మనుషులకు హాని జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ ఇచ్చిన సమ్మతి పత్రం పట్టుకుని బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక వెల్డింగ్ షాపుకి వెళ్లాను. ఆయన చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం తీసుకున్నాడు, పైనుంచి కింది దాకా నిదానంగా చదివాడు. చివర్లో గీత కనపడగానే తిరిగిచ్చేశాడు. “ఏమడిగినా చెప్తానమ్మా, సంతకం మాత్రం వద్దు.” బెయిల్ మీద ఉన్నప్పుడు ఆదివారం ఆదివారం స్టేషన్‌కి పోయి సంతకం పెట్టొచ్చేవాడట. ఒకసారి జొరమొచ్చి పోలేకపోతే ఇంటికే వచ్చారట. అలాంటి మనిషిని ఇంకో కాగితం మీద సంతకం అడగడం ఏం న్యాయం?

మా గైడ్ సార్ ఈ సంగతి కమిటీ ముందు పెట్టారు. పత్రం చదివి వినిపించి, నోటితో ఒప్పుకుంటే చాలని, సంతకం, తేదీ నావే ఉంటాయని, పేరు బదులు కోడ్ నంబర్ వేస్తామని రాసిచ్చాం. వాళ్లు ఇంకోటి అడిగారు: పోలీసులకు తెలియని నేరమేదైనా నీకు చెప్తే ఏం చేస్తావ్? బాగా టెన్షన్ పడ్డాను, కానీ అడగాల్సిన ప్రశ్నే. నా నోట్స్ ఎప్పుడైనా కోర్టు తెప్పించుకోవచ్చు. అందుకే ఇప్పుడు కూర్చోగానే, నడుస్తున్న కేసుల గురించి, ఎవరికీ తెలియని వాటి గురించి నాకు చెప్పొద్దని ముందే అంటాను. ఈ రెండూ సినాప్సిస్‌లోనే (పరిశోధన ప్రతిపాదన) రాసి ఉంచితే కమిటీలో ఒక రౌండ్ తగ్గుతుంది.