బాపు తెచ్చిన ఆకు, 139వ కీర్తన

పోయిన నెల హన్మకొండల ఒక యూత్ మీటింగ్‌కి మా బిడ్డను తోల్కపోయిన. ఇంటర్ బైపీసీ చదువుతది. స్టేజీ మీద ఒక బ్రదర్ మైకు పట్టుకొని "మీ తాత కోతి అనేటోళ్లు చేతులెత్తండి" అన్నడు, పిల్లలు ఒకటే నవ్వుడు. మా పిల్ల నవ్వలె. ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కినంక బండి వెనక నుంచి అడిగింది, "డాడీ, ఎగ్జామ్‌ల డార్విన్ గురించి రాస్తే నేను అబద్ధం రాసినట్టా?"

కోపమొచ్చింది, ఆ బ్రదర్ మీద కంటే నా మీదనే ఎక్కువ. ఇరవై ఏండ్ల సంది ఇదే ప్రశ్న మింగుకుంట చర్చికి పోతున్న.

మా బాపు గోదావరిఖనిల బొగ్గు బాయి పని చేసిండు, తట్టాచెమ్మస్ (బొగ్గెత్తే తట్ట, పార) పట్టిన మనిషి. నేను ఏడో తరగతిల ఉన్నప్పుడు ఒక పొద్దుగాల నైట్ షిఫ్ట్ నుంచి వచ్చి టిఫిన్ డబ్బా సంచిలకెల్లి అరచెయ్యంత రాయి పలక తీసిండు. దాని మీద ఆకు అచ్చు. నాలుక లెక్క పొడుగ్గ, నడిమిట్ల ఈనె, రెండు దిక్కుల వల లెక్క సన్న గీతలు, వేలు పెడితే తగుల్తయి. "మన దిక్కు ఇసొంటి చెట్టే లేదు కదరా" అన్నడు బాపు, అంతే, స్నానానికి పోయిండు.

డిగ్రీల తెలిసింది దాని పేరు గ్లోసాప్టెరిస్ అని, వయసు 25 కోట్ల ఏండ్ల పైమాటే అని. 1912ల దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ మంచుల చచ్చిపోయిన స్కాట్ దొర వాళ్ల దగ్గర దొరికిన దాదాపు 16 కిలోల రాళ్లల్ల కూడ ఇదే ఆకు ఉన్నది. అప్పుడు మన నేల, ఆ ధ్రువం నేల కలిసే ఉండె. ఇంక భూమి వయసు ఆరువేల ఏండ్లే అని కొందరు చెప్పే లెక్క అంటరా, అది 17వ శతాబ్దంల అషర్ అనే బిషప్ వంశావళులు కూడి చేసిన లెక్క, బైబిల్ వాక్యంల ఆ అంకె యాడ లేదు.

నేను పట్టుకున్నది 139వ కీర్తన 15వ వచనం. 13వ వచనంల "నా తల్లి గర్భమందు" అన్న దావీదు రెండు వచనాలు దాటంగనే "భూమియొక్క అగాధ స్థలములలో విచిత్రముగా నిర్మింపబడిననాడు" అంటడు. గర్భానికే అట్ల పోలిక చెప్పిండు అంటరు పెద్దలు, అయి ఉండొచ్చు, కానీ బాయి దిగినోని కొడుకుకు ఆ మాట అంతవరకే వినబడదు. ఆదికాండం 1:24ల కూడ "భూమి పుట్టించుగాక" అన్నడు కదా, పని భూమికి అప్పజెప్పిండు. తొమ్మిది నెలలు కడుపుల పెరిగిన బిడ్డను స్కానింగ్‌ల చూసి కూడ దేవుడిచ్చిండు అంటం, మరి కోట్ల ఏండ్లు పట్టిందంటే ఆయన చెయ్యలేదని ఎందుకు భయం? డార్విన్ కూడ కోతి మీ తాత అనలె, కోతికి మనకు పాత మూలం ఒక్కటే అన్నడు. మనిషి డీఎన్ఏ మొత్తం చదివిన జీనోమ్ ప్రాజెక్టు నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ యేసును నమ్మినాయనే.

అయ్యగార్లూ, బ్రదర్స్, మీకు దండం పెడ్త, స్టేజీ మీద ఆ కోతి జోకు ఆపుండ్రి. నవ్విన పిల్లలే రేపు మెడిసిన్ల చేరుతరు, అక్కడ చదివింది నిజం అనిపించిన రోజు మీరు చెప్పిన సిలువను కూడ జోకుల లెక్కల వేస్తరు.

ఇంత చెప్పిన గానీ నాకు కుదరనిది ఒకటున్నది. రోమా 5:12, ఆదాము పాపము ద్వారానే మరణము లోకంలకొచ్చింది అన్న మాట. అది ఆత్మ మరణం, మనిషి మరణం అని చెప్తరు, నేను కూడ సండే స్కూల్ల అదే చెప్పిన. కానీ బాపు పోయిన రాత్రి ఆ జవాబు నన్ను నిద్రపుచ్చలె.

ఆ మీటింగ్ రాత్రి పలక తీసి మా బిడ్డ చేతిల పెట్టిన. ఈనె మీద వేలు రాసుకుంట అడిగింది.

"ఇది ఆదాము కంటే ముందే చచ్చిపోయిందా డాడీ?"

"ముందే బిడ్డా."

"మరి ఎవరి పాపానికి?"

తెల్వదన్న. మార్కు 9:24 తీసి ఇద్దరం చదివినం, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము". అది కూడ పిల్లగాని కోసం ఏడ్చిన ఒక తండ్రి మాటనే. ప్రభువు ఆయన్ను ఏమనలె, ముందు పిల్లగాని దిక్కు తిరిగిండు. పలక ఇప్పుడు మా బిడ్డ బాటనీ రికార్డు మీద ఉన్నది, కాయితాలు ఎగరకుంట.