ప్రార్థన కొండ నుంచి గుండ్లకమ్మ దాకా

జనవరి ఒకటి తెల్లవారుజామున అమ్మను తీసుకుని ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాస్త దూరం నడిచి నా భుజం పట్టుకుని ఆగేది. ఆగినప్పుడల్లా నేను ఫోను తీసేవాణ్ణి. ఎక్కడో యుద్ధం, కూలిన ఇళ్లు, దుమ్ము కప్పిన పసివాళ్ల ముఖాలు. “అది జేబులో పెట్టు నాయనా. ఆ బిడ్డల కోసం పైకి వెళ్లి ప్రార్థన చేద్దాం” అంది.

డిసెంబరు తుపానుకు మా మూడెకరాల శనగ నీట మునిగింది. మొక్క పీకితే నల్లబడిన వేరు చేతికి జిగురుగా అంటుకుంది. ఆ కుళ్లు వాసన ఇంకా నా వేళ్లను వదలనట్టే ఉంది. ఎల్లప్పుడూ ఆనందించమంటుంది బైబిలు. ఇలాంటప్పుడు ఆనందించమంటే ఎలా?

1854లో ఇదే రోజు, ఇదే వేళకు ఈ కొండ మీద మోకరించినవాళ్లు ఐదుగురే. అమెరికా నుంచి వచ్చిన మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతులు, నర్సు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు. నెల్లూరులో మిషన్ పెట్టి పధ్నాలుగేళ్లయినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. మూసేద్దామన్న మాట కూడా అమెరికాలో వచ్చింది. అయినా ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని దేవుణ్ణి అడిగి దిగి వెళ్లారు. వాళ్లు అడిగిన ఆ సేవకుడు, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ ఇక్కడికి వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేళ్ల ఎదురుచూపు!

చీకట్లో అమ్మ బైబిల్లో హబక్కూకు ప్రవక్త గ్రంథం మూడో అధ్యాయం పుస్తకం లేకుండా చెప్పింది. చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న ప్రార్థన అది. పంట వచ్చాక ఆనందిస్తానని ప్రవక్త అనలేదు. ఎన్నోసార్లు విన్న మాటే, ఆ రోజు గుండెకు తగిలింది. కొవ్వొత్తి మైనం చేతి మీద పడి గడ్డకట్టినా అమ్మ పాట ఆపలేదు. నాకు మాత్రం గొంతు పెగలలేదు.

అక్కణ్ణుంచి బస్సులో వెల్లంపల్లి వెళ్లి గుండ్లకమ్మ ఒడ్డున కూర్చున్నాం. 1878 జూలై 3న ఈ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని ఇచ్చారు. చిన్నప్పటి నుంచి నాకు ఆ సంఖ్యే తెలుసు. దాని వెనకున్న కరువును ఎప్పుడూ తలచుకోలేదు. 1876 నుంచి 78 దాకా జనం ఆకలితో రాలిపోతుంటే, క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కూలి ఇప్పించాడు. గంజి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. సహాయం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. ఇంట్లో ఒక్కరినైనా పోగొట్టుకోనివాళ్లు ఆ వరుసలో ఎందరుండి ఉంటారు? ఆ దుఃఖంతోనే నీళ్లలోకి దిగి, పాడుకుంటూ ఒడ్డెక్కి ఉంటారు.

అమ్మ నీళ్లు దోసిట్లోకి తీసుకుని ముఖం కడుక్కుంది. “ఆ చేలో నువ్వులు చల్లితే వస్తాయా?” అని అడిగింది.

“తడి ఉంది. వస్తాయమ్మా.”

తిరుగుదారిలో దిగి విత్తనాలు కొన్నాం. మళ్లీ బస్సెక్కాక అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కొండ మీది పాటే మెల్లగా అందుకుంది. రెండో చరణానికి నేనూ గొంతు కలిపాను.