తెగడం కోసమే కట్టిన కట్ట

ఆఫ్రికాలోని ఎరిత్రియాలో పాఠాలు చెప్పడానికి వచ్చిన మొదటి ఏడాది నవంబరులో, మా విద్యార్థి ఒకడు షీబ్‌లో ఉన్న వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. పీఠభూమి మీదున్న రాజధాని అస్మరాలో స్వెటర్ వేసుకుని బస్సెక్కిన నేను, ఎర్ర సముద్రం వైపు ఘాట్ దిగేసరికి చెమటతో ముద్దయ్యాను. అక్కడ ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అయినా నన్ను మించిన ఎత్తున జొన్న చేలు!

నీళ్ళేవిరా అంటే, కొండల వైపు చూపించాడు. జూలై, ఆగస్టుల్లో పైన పీఠభూమి మీద వాన పడితే, ఇక్కడ ఎండిపోయిన వాగులోకి కొన్ని గంటల్లో వరద వచ్చి పడుతుంది. ఎక్కువగా రాత్రిపూటే. అందుకని ఆ రోజుల్లో రైతుల పడక వాగు ఒడ్డునే. వచ్చిన నీటిని ‘అగిమ్’ పక్కకు మళ్ళిస్తుంది. ముళ్ళకంపలు, రాళ్ళు, మట్టి కలిపి వేసిన కట్ట అది. ఎత్తైన గట్ల మధ్య చేను చెరువులా నిండుతుంది, ఒండ్రు దిగుతుంది. నీళ్ళు ఇంకగానే ఎద్దులతో పైపైన దున్ని తేమ ఎగిరిపోకుండా మూసేస్తారు. సెప్టెంబరులో విత్తితే, ఇక పంట పండేదాకా ఆ తేమే దిక్కు. కోసిన మోళ్ళకు పిలకలొచ్చి ఇంకో పంట కూడా ఇస్తాయి.

అగిమ్‌ను చూసి నాలో మాస్టారు నిద్రలేచాడు. ఏటా తెగిపోయే ఈ కంపకట్ట ఎందుకు, సిమెంటుతో కట్టుకోవచ్చుగా అని ఓ పెద్దాయనకు సలహా ఇచ్చాను. మా వాడు దాన్ని వాళ్ళ తిగ్రే భాషలో చెప్పగానే ఆయన పడీపడీ నవ్వారు.

“పెద్ద వరదకు అది తెగాలట మాస్టారూ. తెగకపోతే నీళ్ళన్నీ చేలమీద పడి గట్లు కొట్టుకుపోతాయట. పైగా కింద చేలవాళ్ళకు నీళ్ళెలా వెళ్తాయని అడుగుతున్నారు.”

నా దగ్గర జవాబు లేదు. కాఫీ వచ్చింది, మూడు విడతలు. తల దించుకుని తాగాను.

తెగిన కట్టను మళ్ళీ కట్టడం మాత్రం నవ్వులాట కాదు. ఊరంతా కదలాలి, ఎద్దులు కావాలి, కంప కోసం చెట్లు నరకాలి. ఆ చెట్లు ఏటికేడు దూరమవుతున్నాయని ఆయనే ఒప్పుకున్నారు.

వరద చూడాలని ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను. వాగు ఒడ్డున మూడు రాత్రులు పడుకుంటే దోమలు తప్ప ఏమీ రాలేదు. నేను తిరిగొచ్చిన మర్నాటి రాత్రే వచ్చిందట.