హీవర్‌లో ఒక శనివారం

వచ్చిన దగ్గర్నుంచీ అత్తయ్యగారు "ఇక్కడి కోట ఒక్కటైనా చూపించరా" అంటున్నారు. ఇవాళ ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలోని హీవర్ కాజిల్‌కి తీసుకెళ్లాం. కందకం చుట్టూ ఓసారి చూసి ఆవిడ పెదవి విరిచారు. "ఇంతేనా? మన కొండపల్లి ఖిల్లాలో ఓ మూలకి రాదు!"

నిజానికి ఇది యుద్ధాల కోట కాదు, కోట గోడల మధ్య కట్టుకున్న ఇల్లు. లండన్ మేయర్‌గా చేసిన జెఫ్రీ బొలీన్ 1462లో కొన్నాడు. అతని మునిమనవరాలు ఆన్ చిన్నతనం గడిచిందిక్కడే. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ ఆమె కోసం మొదటి భార్యను వదిలాడు, రోమ్ చర్చితో తెగతెంపులు చేసుకున్నాడు. చివరికి 1536 మే 19న ఆమె తలే తీయించాడు. ఆ తర్వాత నాలుగేళ్లకి, పెళ్లి రద్దు చేసుకున్న నాలుగో భార్య ఆన్ ఆఫ్ క్లీవ్స్‌కి ఇచ్చిన ఆస్తుల్లో ఈ ఇల్లూ ఉంది. అంతా విని అత్తయ్యగారు తేల్చేశారు: "ఆ నాలుగో ఆవిడే తెలివైంది. ప్రాణమూ దక్కింది, ఇల్లూ దక్కింది."

లోపల నగిషీ చెక్కిన వాల్‌నట్ హాలు చూసి, హెన్రీ వంశమైన ట్యూడర్ల వైభవం అంటే ఇదీ అనుకుంటాం. తీరా చూస్తే ఆ కాలంలో అది వంటగదట! ఆ చెక్కపనంతా 1903లో ఇల్లు కొన్న అమెరికా కోటీశ్వరుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్ చేయించింది. బయటున్న 38 ఎకరాల చెరువు కూడా ఆయనదే. 800 మంది రెండేళ్లు తవ్వారట. అంత డబ్బు పోయకపోతే ఇల్లు ఈపాటికి శిథిలమయ్యేదేమో. అయినా నన్ను ఆపింది ఆ హంగు కాదు. ఆన్ చేతిరాత ఉన్న ప్రార్థనా పుస్తకాలు రెండున్నాయి. భోజనాల గదిలో తలుపుకి బంగారు పూత పూసిన పెద్ద తాళం ఉంది. హెన్రీ ఎక్కడ పడుకుంటే అక్కడ తలుపుకి బిగించుకోవడానికి ఇలాంటిది వెంట తీసుకెళ్లేవాడట. అందరినీ భయపెట్టినవాడికి రాత్రయితే అంత టెన్షన్!

ఇటాలియన్ తోటలో ఆస్టర్ సేకరించిన పాత రోమన్ విగ్రహాలున్నాయి. మావాడు మాత్రం యూ మొక్కల చిక్కుదారుల్లోంచి బయటికి రానన్నాడు.

తన అతిథుల కోసం ఆస్టర్ కోట వెనకే పల్లెలా కనిపించే పెద్ద భవనం కట్టించాడు. ఇప్పుడు అక్కడ గదులు అద్దెకిస్తారు. "రాత్రికెంతట?" అని అత్తయ్యగారు అడిగారు. మా ఆయన వినబడనట్టు కారు తాళాలు వెతుక్కున్నారు.