పాతికేళ్లు లేటుగా
మొత్తానికి ఇండియన్ ఓషన్ రాక్ బ్యాండ్‌ను ఎదురుగా చూశాను. 2000లో వాళ్ల ‘కందిసా’ ఆల్బమ్ వచ్చినప్పుడు హనుమకొండలో మా రూం మొత్తానికి ఒకటే క్యాసెట్, రీలు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి తిప్పుకుంటూ అరిగేదాకా విన్నాం. నిన్న కాజీపేటలో రైలెక్కినప్పటి నుంచీ ఒకటే టెన్షన్, ఎందుకంటే తబలా వాయిస్తూనే పాడే అషీమ్ చక్రవర్తి 2009లోనే పోయాడు, గిటారిస్ట్ సుస్మిత్ సేన్ 2013లో బయటికి వెళ్లిపోయాడు, ఇంకేం మిగిలుంటుందిలే అని. నిజమే, ఆ గొంతు లేని లోటు తెలుస్తూనే ఉంది. కానీ రాహుల్ రామ్ బేస్ గిటార్ అందుకున్నాడు చూడండి, మా ఇంటామె ‘మెల్లగా, మోకాళ్లు’ అంటున్నా లేచి ఎగిరాను. హైదరాబాద్‌లో ఆ హాల్లో సగం బట్టతలలే, నాతో కలిపి. తిరుగు రైల్లో కాజీపేట దాటేదాకా ఇద్దరం నిద్రే, వరంగల్‌లో దిగి ఆటో మాట్లాడుకున్నాం.